రేగెన్స్‌బుర్గ్‌లో ఒక రోజు: వంతెన చాలు

జర్మనీలోని మన తెలుగు సంఘం వేసవి విహారయాత్రల ప్రకటనలకు ఒక మూస స్థిరపడిపోయింది. ఒకే శనివారంలో రెండు నగరాలు, ఒక కోట, వీలైతే దారిలో ఒక సరస్సు. బస్సు దిగుతాము, అందరం వరుసగా నిలబడి ఫొటో తీసుకుంటాము, పులిహోర, పెరుగన్నం పొట్లాలు పంచుకుంటాము, తల లెక్క చూసుకుని మళ్ళీ బస్సెక్కుతాము. ఇచ్చిన డబ్బుకు తగినన్ని చోట్లు చూపించాలన్న నిర్వాహకుల తాపత్రయాన్ని నేను తప్పుపట్టను. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడ ఉండేది తొంభై రోజులే కనుక, ఈ లోపల ఎన్ని చూపిస్తే అంత మంచిదన్న పిల్లల ఆత్రమూ సహజమే. అయినా చేతిలో ఒక్క రోజే ఉన్నప్పుడు ఒక్క నగరాన్నే చూడాలని, అందులోనూ ఒక్క కట్టడాన్ని పట్టుకుని దాని వెంట నగరమంతా తిరగాలని నా అభిప్రాయం. మ్యూనిక్ నుంచి ప్రాంతీయ రైలులో గంటన్నర ప్రయాణంలో, డాన్యూబ్ ఒడ్డున ఉన్న రేగెన్స్‌బుర్గ్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ మాట చెబుతున్నాను. అక్కడ పట్టుకోవలసిన కట్టడం రాతివంతెన.

ఆ వంతెనను 1135లో మొదలుపెట్టి 1146 నాటికి పూర్తిచేశారు. పని మొదలైన ఏడాది ఎండలు తీవ్రంగా కాసి నదిలో నీరు బాగా తగ్గడం పునాదుల పనికి కలిసివచ్చిందని చెబుతారు. మూడు వందల మీటర్లకు పైగా పొడవున్న ఈ వంతెన మీదుగానే సుమారు ఎనిమిది వందల ఏళ్ళపాటు ఆ ఊరి మనుషులూ బండ్లూ డాన్యూబ్‌ను దాటారు. ఇరవయ్యో శతాబ్దపు 1930ల దాకా వారికి మరో వంతెన లేదు. పవిత్రస్థలాల కోసం క్రైస్తవులు ముస్లింలపై సాగించిన క్రూసేడు యుద్ధాల్లో రెండవదాని సైన్యం 1147లోనూ, చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోస్సా నాయకత్వాన మూడవ క్రూసేడు సైన్యం 1189లోనూ బయలుదేరినది ఈ నగరం నుంచే. ప్రాగ్‌లో అందరూ మురిసిపోయి చూసే చార్లెస్ వంతెనకు 1357లో పునాది వేసేనాటికి దీనికి రెండు శతాబ్దాల వయసు దాటింది. ఇప్పుడు దీని మీద కార్లు లేవు, బస్సులూ లేవు. కార్లను 1997లోనూ, బస్సులను 2008లోనూ ఆపివేసి, 2010 నుంచి 2018 దాకా మరమ్మతులు చేసి, నడిచేవారికీ సైకిళ్ళకూ వదిలిపెట్టారు.

వంతెన మధ్యదాకా నడిచి ఆగి, కిందికి చూడాలి. స్తంభాల చుట్టూ పడవ ఆకారంలో రాతి దిమ్మెలు కనబడతాయి. స్తంభాల అడుగులను ప్రవాహం కోసివేయకుండా కట్టిన ఈ దిమ్మెలు నది వెడల్పులో పెద్ద భాగాన్ని ఆక్రమించడం వల్ల, మిగిలిన ఇరుకు సందుల్లోంచి నీరు ఒరుసుకుంటూ దూకి, వంతెన దాటగానే సుడులు తిరుగుతుంది. గోదావరి ఒడ్డున పుట్టినవారికి సుడి ఎక్కడుందో వేలు పెట్టి చూపించనక్కరలేదు. మన పెద్దవాళ్ళు అక్కడ నిలబడితే మనకే వివరిస్తారు. సరుకు పడవలను ఈ ప్రవాహానికి ఎదురుగా వంతెన కింది నుంచి పైకి లాగడం ప్రాణాంతకమైన పని. దిగువ నుంచి వచ్చిన ఉప్పు ఆగిన చోటే, వంతెన మొగదలలో, 1616–1620 మధ్య కట్టిన ఎత్తైన ఉప్పు గిడ్డంగి ఉంది. ఇప్పుడది ప్రపంచ వారసత్వ సందర్శక కేంద్రం. ప్రవేశ రుసుము లేదు. రోజును అక్కడ మొదలుపెడితే మ్యాపు కొనవలసిన పని ఉండదు.

ఈ వంతెన గురించి అక్కడ అందరూ చెప్పే కథ ఒకటుంది. వంతెన కట్టే మేస్త్రీ, పెద్ద చర్చి కట్టే మేస్త్రీ ఎవరు ముందు పూర్తిచేస్తారని పందెం వేసుకున్నారట. వంతెన మేస్త్రీ దయ్యం సాయం కోరితే, ముందుగా వంతెన దాటిన ప్రాణాలు తనవేనని దయ్యం షరతు పెట్టిందట. పని అయ్యాక అతడు ఒక కుక్కనూ, ఒక కోడిపుంజునూ, ఒక పెట్టనూ వంతెన మీదికి తోలాడట. ఇప్పుడున్న చర్చి పని మొదలైనది 1270లలో. అప్పటికి వంతెన పూర్తయి నూటపాతికేళ్ళు దాటింది కనుక ఆ పందేనికి ఇద్దరు మేస్త్రీలూ సమకాలికులు కారు. పిల్లలకు కథ చెప్పి, ఆ లెక్క వాళ్ళచేతనే చేయించవచ్చు.

అవతలి ఒడ్డున ఉన్న స్టాటామ్‌హోఫ్‌కు మన బృందాలు సాధారణంగా వెళ్ళవు. వెళ్ళాలి, ఎందుకంటే ఈ వంతెన చాలాకాలం ఒక దేశ సరిహద్దు. రేగెన్స్‌బుర్గ్ 1245 నుంచి, జర్మన్ రాజ్యాలను కలిపిన పవిత్ర రోమన్ సామ్రాజ్యపు చక్రవర్తికి మాత్రమే లోబడిన స్వతంత్ర నగరం. అవతలి ఊరు పొరుగు రాజ్యమైన బవేరియా ప్రభువులది. 1542లో నగరం లూథరన్ మతాన్ని స్వీకరించాక ఇటు ప్రొటెస్టెంట్లు, అటు కాథలిక్కులు అయ్యారు. నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద చర్చి మాత్రం కాథలిక్ బిషప్పు చేతిలోనే ఉండిపోయింది. 1809లో నెపోలియన్‌కూ ఆస్ట్రియన్లకూ జరిగిన యుద్ధంలో స్టాటామ్‌హోఫ్ చాలా వరకు తగలబడింది. ఇప్పుడు కనిపించే చక్కని ఇళ్ళ వరుస ఎక్కువగా ఆ తరువాత కట్టినది. ఈ రెండు ఊళ్ళూ ఒకే పురపాలనలోకి వచ్చినది 1924లో మాత్రమే. 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యాన్ని నిలువరించడానికి జర్మన్ సైనికులే వంతెనలో కొన్ని భాగాలను పేల్చివేస్తే, వాటిని పూర్తిగా బాగుచేయడానికి 1967 దాకా పట్టింది.

తిరిగి ఇవతలికి వచ్చి పాత వీధుల్లోకి అడుగుపెట్టగానే ఇళ్ళ మధ్య నుంచి లేచిన ఎత్తైన రాతి బురుజులు కనిపిస్తాయి. అవి కోట బురుజులు కావు. వెనిస్ నుంచి కీవ్ దాకా వ్యాపారం సాగించిన వర్తకులు, ఎవరి ఇల్లు ఎత్తుగా ఉంటే వారిది పెద్ద ఇంటిపేరన్న పోటీతో ఇటలీ పద్ధతిలో కట్టుకున్నవి. వాలెన్ వీధిలోని బంగారు బురుజు సుమారు యాభై మీటర్ల ఎత్తుంటుంది. ఇప్పుడు అందులో విద్యార్థులు అద్దెకుంటారు. పదమూడో శతాబ్దపు ఇళ్ళు ఇన్ని ఈ ఊళ్ళో ఎలా నిలిచాయన్న ప్రశ్న అక్కడ ఎవరికైనా కలగాలి. వాటిని ముందుచూపుతో కాపాడుకున్నారని కరపత్రాలు చదివినవారు అనుకుంటారు. అసలు కారణం పేదరికం. వ్యాపారమార్గాలు న్యూరెంబర్గ్, ఆగ్స్‌బుర్గ్‌ల వైపు మళ్ళిపోగా, అప్పుల్లో మునిగిన ఈ నగరం 1486లో తనంతట తానే బవేరియా డ్యూకుకు లొంగిపోయింది. చక్రవర్తి ఒత్తిడితో 1492లో మళ్ళీ బయటపడింది. పాత ఇల్లు పడగొట్టి కొత్త ఫ్యాషన్‌లో కట్టుకోవడానికి డబ్బు లేనివాడు పాత ఇంట్లోనే ఉంటాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులు ప్రధానంగా ఊరి పడమటనున్న మెసర్‌ష్మిట్ విమాన కర్మాగారం మీద పడటం వల్ల పాత పట్టణం చాలా వరకు మిగిలింది. అలా మిగిలినదాన్నే 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ పేదరికం చేసిన మరో పని నాయ్‌ఫార్‌ప్లాట్స్ అనే కూడలిలో ఉంది. మన యాత్రల్లో ఆ కూడలి ఐస్‌క్రీమ్ తినడానికి ఆగే చోటు. జర్మనీలోని అతి పాత యూదు పేటల్లో ఒకటి అక్కడ ఉండేది. తమ దిగజారిన వ్యాపారానికీ అప్పులకూ నగరవాసులు యూదులనే కారకులుగా చూపించారు. వారికి రక్షణగా ఉన్న మాక్సిమిలియన్ చక్రవర్తి 1519 జనవరిలో చనిపోగానే, కొత్త చక్రవర్తి ఎన్నిక జరిగేలోపు, ఫిబ్రవరిలో నగరసభ సుమారు ఐదు వందల మందిని వెళ్ళగొట్టింది. ప్రార్థనామందిరాన్ని పడగొట్టారు, శ్మశానంలోని సమాధిరాళ్ళను పెకలించి తీసుకుపోయి, విజయచిహ్నాలుగా ఇళ్ళ గోడల్లో పొదిగారు. వాటిలో కొన్ని ఇప్పటికీ గోడల్లో కనిపిస్తాయి. ఆ ప్రార్థనామందిరం లోపల ఎలా ఉండేదో మనకు తెలియడానికి కారణం చిత్రకారుడు ఆల్ట్‌డోర్ఫర్ కూల్చివేతకు ముందు చెక్కి పెట్టిన రెండు చిత్రాలు. ఆయన నగరసభలో సభ్యుడు కూడా. అంటే వెళ్ళగొట్టినవారిలో ఒకడు. ఇజ్రాయెల్ శిల్పి డానీ కరవాన్ 2005లో ఆ మందిరపు నేలపటాన్ని తెల్లని, మోకాలెత్తు దిమ్మెలుగా అక్కడే మలిచాడు. జనం వాటి మీద కూర్చుంటారు, పిల్లలు ఎక్కి దూకుతారు. శిల్పి కోరుకున్నదీ అదే. ఐస్‌క్రీమ్ అక్కడ తినవద్దని నేననడం లేదు. కూర్చున్నది దేని మీదో పిల్లలకు చెప్పి తినిపించాలంటున్నాను. సెలవు రోజున ఇలాంటివి ఎందుకని మన సంఘంలో కొందరు అంటారు. బురుజులను చూపించి, వాటిని నిలిపిన పేదరికమే ఒక పేటను తుడిచిపెట్టిన సంగతి దాటవేస్తే, మనం చూపించినది రంగులేసిన గోడలను మాత్రమే.

అక్కడికి నాలుగడుగుల్లో పాత పురమందిరం. పవిత్ర రోమన్ సామ్రాజ్యపు సభ 1663లో ఇక్కడ సమావేశమై, తుర్కులపై యుద్ధానికి సాయం గురించి మొదలుపెట్టిన చర్చను ముగించలేక, 1806లో సామ్రాజ్యమే అంతమయ్యే దాకా కొనసాగింది. వ్యాపారం పోయిన ఊరు రాయబారుల ఇంటి అద్దెల మీదా, విందుల మీదా బతికింది. సభామందిరంలో చక్రవర్తి ఆసనం మెట్ల మీద అందరికంటే ఎత్తున ఉంటుంది, తక్కినవారి బల్లలు హోదాను బట్టి కిందికి దిగుతాయి. అదే కట్టడం అడుగున నేరస్థులను హింసించి విచారించిన గది, పనిముట్లతో సహా, ఉన్నదున్నట్టు ఉంది. ఈ రెంటినీ మార్గదర్శకుల వెంట తప్ప చూడనివ్వరు కాబట్టి ఆ వేళను ముందే నిశ్చయించుకోవాలి. రోజంతటిలో గడియారం చూసుకోవలసిన పని ఇదొక్కటే.

మనవాళ్ళలో ఇంజనీర్లు ఎక్కువ గనుక ఒక ఇంటి గురించి చెప్పకుండా ఉండలేను. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో మనమంతా వల్లె వేసిన గ్రహగమన నియమాల కెప్లర్, చక్రవర్తి నుంచి ఏళ్ళ తరబడి రావలసిన జీతం బకాయిలు అడగడానికి 1630 నవంబరులో గుర్రమెక్కి ఈ ఊరికి వచ్చి, జ్వరంతో మంచం పట్టి, ఆ నెల 15న చనిపోయాడు. ఆయన పోయిన ఇల్లు వంతెనకు దగ్గరలో, ఆయన పేరుతోనే ఉన్న వీధిలో ఉంది. సమాధి మాత్రం లేదు. అప్పట్లో యూరప్‌లో సాగుతున్న ‘ముప్పై ఏళ్ళ యుద్ధం’లో ఆ శ్మశానమే ధ్వంసమైంది.

ఇక దేన్ని వదిలేయాలో కూడా చెప్పాలి. డాన్యూబ్ దిగువన, పది కిలోమీటర్ల దూరంలో కొండ మీద 1842లో పూర్తయిన వాల్‌హల్లా అనే గ్రీకు గుడి నమూనా కట్టడం ఉంది. లోపలంతా జర్మన్ ప్రముఖుల విగ్రహాలు. అక్కడి నుంచి నది చక్కగా కనిపిస్తుంది, నిజమే. కాని వెళ్ళిరావడానికి సగం పూట పోతుంది. తపాలా వ్యాపారంతో కోటీశ్వరులైన తుర్న్ ఉంట్ టాక్సిస్ వంశంవారి భవనాన్ని కూడా ఒక్కరోజు యాత్రలో వదిలేయమంటాను. రోమన్లు క్రీ.శ. 179లో కట్టిన కోట ఉత్తర ద్వారం మాత్రం దారిలోనే, చర్చి వెనుక వీధిలో, ఒక గోడలో భాగంగా నిలిచి ఉంది. దానికి ఐదు నిమిషాలు చాలు. చర్చికి జంట శిఖరాలు 1869లో గాని పూర్తికాలేదన్న సంగతి తెలిస్తే, మన ఊళ్ళో గోపురం పని ఆలస్యమైందని విసుక్కునేవారికి కాస్త ఊరట కలుగుతుంది.

భోజనం విషయంలో మొహమాటం పనికిరాదు. వంతెన పక్కనే ఉన్న ప్రసిద్ధమైన పాత వంటశాలలో బొగ్గుల మీద కాల్చిన పంది మాంసపు సాసేజీలు, పులియబెట్టిన క్యాబేజీ, తీపి ఆవపిండి ముద్ద పెడతారు. తినేవారు తప్పక తినాలి. శాకాహారులకు అక్కడ రొట్టె, క్యాబేజీ తప్ప ఏమీ మిగలదు కాబట్టి పెరుగన్నం డబ్బా తెచ్చుకోవడం నామోషీ కాదు. నది మధ్యనున్న లంకల్లో చెట్ల నీడన కూర్చుని తినవచ్చు.

శనివారం కంటే ఆదివారం వెళ్ళడం మేలని కూడా అంటాను. అంగళ్ళు మూసి ఉంటాయన్నది మన బృందాల అభ్యంతరం. నా దృష్టిలో అదే లాభం, ఎందుకంటే ఊరు చూడటానికి వచ్చినవారిలో సగం మంది బట్టల దుకాణాల్లో తప్పిపోరు. బడి సెలవులు లేని ఆదివారాల్లో ఉదయం పది గంటల ఆరాధనలో, 975లో పునాది పడిందని చెప్పే పాఠశాల బాలుర గాయకబృందం పెద్ద చర్చిలో పాడుతుంది. రాష్ట్రమంతటా ప్రాంతీయ రైళ్ళలో ఒక రోజు తిరగనిచ్చే బవేరియా టికెట్టు శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది, ఒకే టికెట్టు మీద ఐదుగురు దాకా ప్రయాణించవచ్చు. బస్సు అద్దెతో పోల్చి కోశాధికారిగారు లెక్క వేసి చూడవచ్చు. రైల్వే స్టేషను నుంచి పాత పట్టణానికి నడక పావుగంటకు మించదు, దారి చదునుగా ఉంటుంది. వంతెన మాత్రం మధ్యలో ఎత్తుగా ఉంటుంది గనుక, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని ఎండెక్కక ముందే దాటించి, స్టాటామ్‌హోఫ్‌లో కాఫీ ఇప్పించి, నెమ్మదిగా వెనక్కి తీసుకురావాలి. వచ్చే వేసవి యాత్రకు కార్యవర్గం ఈ పద్ధతిని ఒక్కసారి ప్రయత్నించాలని, ప్రకటనలో రెండో నగరం పేరు రాయకూడదని కోరుతున్నాను.