దావా వేసే ముందే బీమా మాట

చాలా ఒప్పందాల చివరి పేజీల్లో ఒక క్లాజు ఉంటుంది: వివాదం కోర్టుకెక్కితే, ఓడిన పక్షం గెలిచిన పక్షం లాయర్ ఫీజులు కూడా కట్టాలి. సంతకం పెట్టేటప్పుడు దాన్ని ఆగి చదివేవాళ్లు తక్కువ. ఓడిపోయాక మాత్రం తీర్పు మొత్తంతో పాటు ఆ బిల్లూ వచ్చి మీద పడుతుంది.

అమెరికాలో మామూలుగా ఎవరి లాయర్ ఫీజు వారిదే. ఈ క్లాజు ఉంటే లెక్క మారిపోతుంది. కాలిఫోర్నియాలో అయితే ఫీజు రాబట్టుకునే హక్కు ఒక్క పక్షానికే రాసుకున్నా, సివిల్ కోడ్ 1717 సెక్షన్ దాన్ని ఇద్దరికీ వర్తింపజేస్తుంది. మనకు అనుకూలంగానే రాయించాం కదా అన్న ధీమాతో దావా వేసి ఓడితే, అదే క్లాజు కింద ఎదుటివారి ఫీజు కట్టుకోవాలి. ఇంగ్లండులో క్లాజు లేకపోయినా, ఓడినవారే ఖర్చులు ఇవ్వాలన్నది సాధారణ నియమం.

ఈ ముప్పుకు బీమా ఉంది. వివాదం రాకముందు తీసుకునే పాలసీలున్నాయి, వచ్చాక తీసుకునేవీ ఉన్నాయి. ఆ సంగతి క్లయింటుకు చెప్పాల్సింది లాయరే. తొలి భేటీకే ఇంటి, వాహన బీమా పాలసీలు వెంట తెమ్మని క్లయింట్లకు ముందే లెటర్ రాయడం అలవాటు చేసుకోవాలని ఇంగ్లండు అప్పీలు కోర్టు 2001లోనే లాయర్లకు చెప్పింది. కోర్టు ఖర్చులకు రక్షణ ఆ పాలసీల్లోనే కలిసి ఉండొచ్చు మరి. అది ఒక చిన్న రోడ్డు ప్రమాదం కేసు. వ్యాపారాన్నే ముంచేయగల కాంట్రాక్టు కేసులో ఆ జాగ్రత్త ఇంకెంత ఉండాలి!

కొందరు లాయర్లు ఈ మాట ఎత్తడానికే వెనకాడతారు. బీమా అనగానే ‘అంటే ఓడిపోతామా?’ అని క్లయింటు టెన్షన్ పడతాడని వారి భయం. అర్థం చేసుకోదగ్గ భయమే, కానీ దానికి మూల్యం చెల్లించేది క్లయింటు. పాత పాలసీలో రక్షణ ఉన్నా, బీమా కంపెనీకి చెప్పకుండా పెట్టిన ఖర్చు తిరిగి రాకపోవచ్చు. కొత్తగా తీసుకుందామంటే కేసు ముదిరేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది, ఒక్కోసారి ఇచ్చేవారే దొరకరు.

పాలసీ అన్నింటికీ మందు కాదు. ఎదుటి పక్షం ఖర్చులు మాత్రమే ఇచ్చి, సొంత లాయర్ ఫీజు ఇవ్వనివి ఉన్నాయి. రాజీకి ముందు బీమా కంపెనీ అనుమతి తీసుకోవాలనే షరతులుంటాయి. ఇంగ్లండులో 2013 ఏప్రిల్ 1 నుంచి తీసుకున్న పాలసీల విషయంలో, కేసు గెలిచినా చాలా సందర్భాల్లో ప్రీమియాన్ని ఎదుటివారి నుంచి రాబట్టుకునే వీల్లేదు. వీటిని లాయర్ విడమరిచి చెబితేనే క్లయింటు తెలిసి నిర్ణయం తీసుకోగలడు.

అందుకే బార్ సంఘాలు దీన్ని లాయర్ల ఇష్టానికి వదిలేయకూడదని మేం కోరుతున్నాం. బీమా ఉందా అని అడిగినట్టు, ఉన్న దారులు చెప్పినట్టు ఫీజు ఒప్పందంలోనే రాసుండాలి. పాలసీ ఇప్పించినందుకు లాయర్‌కు కమీషన్ ముడితే అదీ రాయాలి. క్లయింటు వద్దంటే, వద్దన్నట్టు సంతకం తీసుకోవాలి.