ముందు పప్పు, మిగిలితే అన్నం

బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న నేను, గట్టి ఆహారానికి పూర్తిగా అలవాటు పడిన తరువాత మాంసం, గుడ్లే కాకుండా పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసి, పప్పుధాన్యాలు, కూరగాయలు, పండ్లు, గింజలు, చిరుధాన్యాలను వీలైనంతవరకు వాటి సహజరూపంలోనే తింటున్నాను. ఈ సంగతి తెలిసిన బంధుమిత్రులు రెండు వర్గాలుగా చీలిపోయారు. "ముక్క లేకుంటే బలమెట్ల వస్తది బిడ్డా, కనీసం బొక్కల సూపన్నా తాగరాదు" అని కనిపించినప్పుడల్లా బాధపడే మా మేనత్త మొదటి వర్గానికి నాయకురాలు. "ప్రకృతి ఆహారమే తింటున్నారు కదండీ, ఇంకా ఆ మాత్రలన్నీ ఎందుకు?" అని అడిగే ఉదయపు నడక మిత్రులు రెండో వర్గం. మొదటి వర్గం భయంలో సగం నిజముంది. రెండో వర్గం భరోసాలో నిజం లేకపోగా, దాన్ని నమ్మినవారిని మంచాన పడేసే గుణం ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఆపరేషన్ తరువాత మొక్కల నుంచి వచ్చే ఆహారంతోనే ఆరోగ్యంగా బతకవచ్చు. అయితే మన ఇళ్లలో తరతరాలుగా శాకాహార భోజనం అని పిలుచుకుంటున్న పద్ధతిలో, అంటే కంచం నిండా అన్నం వడ్డించుకుని దాన్ని మింగడానికి తోడుగా కాస్త పప్పు, కాస్త కూర కలుపుకునే పద్ధతిలో, అది ఎంతమాత్రం సాధ్యం కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే ముందు లోపల ఏం మారిందో తెలియాలి. బరువు తగ్గించే మరో ఆపరేషనైన స్లీవ్ పద్ధతిలో జీర్ణకోశంలో నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ భాగాన్ని కోసి తీసేస్తారు. బైపాస్‌లో జీర్ణకోశం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరు చేసి, దాన్ని నేరుగా చిన్న పేగులో కొంత కిందికి కలుపుతారు. కాలం గడిచేకొద్దీ ఆ సంచి కొంత సాగినా, పూటకు ఒక చిన్న గిన్నెడు తిండికి మించి పట్టడం కష్టమే. ఇంత తక్కువ చోటులోనే రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ పడాలని వైద్యులు చెబుతారు. అది పడకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. మూడో నెల నుంచి ఆరో నెల వరకు జుట్టు ఊడడం ఏ ఆహారం తిన్నవారికైనా మామూలే గాని, ప్రోటీన్, ఐరన్ తగ్గినవారికి అది ఎక్కువవుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వండిన కోడిమాంసం వంద గ్రాములు తింటే పాతిక గ్రాములకు పైగానే దొరుకుతుంది. కందిపప్పు వంద గ్రాములకు 22 గ్రాములు ఉంటుందని మనవాళ్లు గర్వంగా చెబుతారు గాని, అది పచ్చి పప్పు లెక్క. ఒక చిన్న గిన్నెడు ముద్దపప్పులో ఉండే పచ్చి పప్పు 30 గ్రాములకు మించదు, అంటే అందులో ప్రోటీన్ ఆరేడు గ్రాములే. అదే పప్పును పలచగా కాచి పప్పుచారు చేస్తే ఇంకా తగ్గుతుంది. మా మేనత్త భయంలో సగం నిజముందన్నది ఇందుకే: చోటు తక్కువైనప్పుడు మాంసం ఆ చోటును బాగా వాడుకుంటుంది, మొక్కల ఆహారం తినేవారు మాత్రం ప్రతి ముద్దకూ లెక్క వేసుకోవాలి.

లెక్క వేసుకుంటే కుదురుతుంది. పొద్దున 40 గ్రాముల పొట్టు పెసలు నానబెట్టి రుబ్బి, పెనం మీద నూనె లేకుండా పోసుకున్న పెసరట్లలో తొమ్మిది గ్రాములు వస్తాయి. చక్కెర లేని సోయాపాలు ఒక గ్లాసు, టోఫు వంద గ్రాములు, మధ్యాహ్నం గట్టిగా ఉడికిన పప్పు, సాయంత్రం శనగ గుగ్గిళ్లు, గుప్పెడు వేరుశనగలు, రాత్రికి 25 గ్రాముల మీల్‌మేకర్‌తో కూర అనుకుంటే 60కి అటూ ఇటూగా చేరుకుంటాం. మూడు పూటలు కాదు, ఆరు పూటలుగా విడదీసుకుని తింటేనే ఇది సాధ్యం. ఈ జాబితాలో అన్నం లేదన్న సంగతి మీరు గమనించే ఉంటారు. మొదట పప్పు, తరువాత కూర, అప్పటికీ చోటు మిగిలితే రెండు ముద్దల జొన్న సంకటి గాని దంపుడు బియ్యపు అన్నం గాని. తెల్లన్నం మెత్తగా ముద్ద కట్టి ఆ చిన్న సంచి ద్వారం దగ్గర ఇరుక్కున్నట్లయి ఛాతీలో నొప్పి పెట్టడం నాలాంటి చాలామందికి అనుభవమే.

మన భోజన పద్ధతిలో అడ్డు పడేది అన్నం ఒక్కటే కాదు. భోజనంతోపాటు నీళ్లు తాగవద్దని, తిన్న తరువాత అరగంట ఆగాలని ప్రతి సర్జనూ చెబుతాడు. చారు, పచ్చిపులుసు, మజ్జిగ అన్నీ నీళ్లేనన్న సంగతి మాత్రం ఎవరికీ తోచదు. జారుగా కలుపుకున్న తిండి ఆ సంచిలో నిలవకుండా కిందికి జారిపోతుంది, కాసేపటికే మళ్లీ ఆకలి వేస్తుంది. పచ్చిపులుసు లేకుండా ఎండాకాలం గడపడం తెలంగాణ మనిషికి ఎంత కష్టమో నాకు తెలుసు. దాన్ని భోజనంలో కాకుండా విడిగా, గంట తరువాత గ్లాసులో పోసుకుని తాగుతున్నాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

శాకాహారం అన్న ముద్ర పడగానే తిండి మంచిదైపోతుందన్న నమ్మకం హైదరాబాద్‌లో మరీ ఎక్కువ. ఇరానీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్, మిర్చి బజ్జీ, పులిహోర, జంతికలు, డబుల్ కా మీఠా అన్నీ శాకాహారమే. ఆపరేషన్ అయిన రెండు మూడేళ్లకు తగ్గిన బరువు మళ్లీ పెరగడం మొదలైనవారిలో చాలామందిని అడగండి, బిర్యానీ కంటే ఈ చిరుతిళ్ల పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. బిర్యానీ నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోయి ఆగిపోవలసి వస్తుంది. చాయ్‌లో నానిన బిస్కెట్‌కు ఆ అడ్డు లేదు, ఎన్ని తిన్నా జారిపోతూనే ఉంటుంది. బైపాస్ అయినవారికి చక్కెరతో మరో శిక్ష కూడా ఉంది: అది ఒక్కసారిగా పేగులోకి దిగడంతో చెమటలు, గుండెదడ, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు వస్తాయి. దీన్నే డంపింగ్ అంటారు. పండ్లరసం ఆరోగ్యమని తాగినా ఇదే జరగవచ్చు, పండు కొరికి నమిలి తింటే సాధారణంగా జరగదు. సహజరూపంలో తినడం అనే నియమానికి ఈ శరీరంలో ఇంత కచ్చితమైన కారణం ఉంది గనుకనే నేను దాన్ని పట్టుకుని ఉన్నాను, ఏదో పవిత్రత కోసం కాదు.

ఆ పవిత్రత గురించే నాకు అసలు కోపం. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో ద్రవాలు, తరువాత మెత్తగా రుబ్బినవి మాత్రమే తినగలిగే రోజుల్లో ప్రోటీన్ పొడి లేకుండా మొక్కల ఆహారంతో 60 గ్రాములు చేరడం జరిగే పని కాదు. సోయా పొడి గాని బఠాణీ పొడి గాని కలుపుకోవలసిందే. అది ఫ్యాక్టరీలో తయారైన పదార్థం కాబట్టి నియమభంగమని, మీల్‌మేకర్ కూడా నూనె తీసిన సోయాపిండితో చేసేది కాబట్టి పనికిరాదని ఉపన్యాసాలిచ్చేవారికి నా సమాధానం ఒకటే. కండ కరిగిపోతున్న మనిషికి నియమం చెప్పడం సులువు, ఆ మనిషి మెట్లెక్కలేక ఆయాసపడుతుంటే పట్టుకోవడానికి వాళ్లెవరూ రారు.

ఇక మాత్రల సంగతి. విటమిన్ బి12 మొక్కల్లో లేదు. దాన్ని తయారుచేసేవి సూక్ష్మజీవులు, మనకు అందేది జంతువుల ఆహారం ద్వారానో మాత్రల ద్వారానో మాత్రమే. చద్దన్నంలో, పులిసిన గంజిలో కావలసినంత దొరుకుతుందన్న ప్రచారాన్ని నమ్ముకోవడానికి వీల్లేదు. పైగా మనం తిన్న బి12 ఒంటికి పట్టాలంటే జీర్ణకోశంలోని ఆమ్లం, అక్కడే ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం అవసరం. ఆపరేషన్ తరువాత ఆ రెండూ తగ్గిపోతాయి. అంటే మాంసం తినేవారికి ఒక దారి మూసుకుపోతే, మాకు రెండు దారులూ మూసుకుపోయాయన్నమాట. మామూలు మనిషికి రోజుకు రెండున్నర మైక్రోగ్రాములకు అటూ ఇటూగా సరిపోయే ఈ విటమిన్‌ను, ఈ ఆపరేషన్ అయినవారు నోటి ద్వారా రోజుకు కనీసం 350 మైక్రోగ్రాములు తీసుకోవాలని అమెరికాలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే బేరియాట్రిక్ సర్జన్ల సంఘం 2016 నాటి మార్గదర్శకాల్లో ఉంది. ఇందులో ఇంకో మోసం ఉంది. పప్పులు, ఆకుకూరలు తినేవారికి ఫోలేట్ అనే మరో బి విటమిన్ పుష్కలంగా అందుతుంది కాబట్టి, బి12 తగ్గినా రక్తం మాత్రం బాగానే ఉన్నట్లు కనిపించవచ్చు. ఈలోపు నరాలు దెబ్బతింటుంటాయి. హిమోగ్లోబిన్ బాగుంది కదా అని ఊరుకోకుండా బి12 పరీక్ష వేరుగా చేయించుకోమనేది అందుకే.

ఐరన్ కోసం పాలకూర, కాల్షియం కోసం రాగిజావ అనే సలహా కూడా ఇలాంటిదే. ఐరన్ ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్న పేగు మొదటి భాగంలో, బైపాస్‌లో తిండి ఆ భాగాన్ని తాకకుండానే వెళ్లిపోతుంది. పాలకూరలో ఆక్సలేట్లు విపరీతంగా ఉంటాయి. బైపాస్ తరువాత పేగు ఆక్సలేట్‌ను ఎక్కువగా పీల్చుకోవడం వల్ల కిడ్నీలో రాళ్ల బెడద పెరుగుతుంది. రోజూ పచ్చి పాలకూర స్మూతీ తాగమని వీడియోలు చేసేవారికి ఈ సంగతి తెలియదో, తెలిసీ అక్కర్లేదో. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల వరకు ఉన్న మాట నిజమే, అయితే ఒక గ్లాసు జావలో పడే పిండి 30 గ్రాములు, మాకు రోజుకు కావలసిన కాల్షియం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. మందుల దుకాణంలో అడగగానే ఇచ్చే మాత్ర చాలావరకు కాల్షియం కార్బొనేట్, అది కరగడానికి ఆమ్లం కావాలి. మేము అడగవలసింది కాల్షియం సిట్రేట్. దాన్ని ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, భోజనం కాగానే చాయ్ తాగకపోవడం ఐరన్‌కు మేలు చేసేవే, కానీ అవి మాత్రకు బదులు కావు.

ఇవేవీ నాకు ఆసుపత్రి ఇచ్చిన డైట్ చార్టులో లేవు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే తోటి పేషెంట్లు చూపించిన చార్టులూ ఇంచుమించు అలాగే ఉన్నాయి. మాంసాహారులకు ఒక పేజీ, శాకాహారులకు పనీర్, పెరుగు, పాల నుంచి తీసే వే ప్రోటీన్‌తో ఒక పేజీ. పాలు కూడా మానేసినవారికి చివర రెండు వరుసలు, అందులో కినోవా, అవకాడో, హమ్మస్. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న నగరంలో, ఆ సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలను ప్రచురించి అందరికీ అందుబాటులో పెట్టిన తరువాత కూడా, డైట్ చార్టులో ఉలవలు, అలసందలు, అనుములు, పెసలు, సోయా గింజలు కనిపించకపోవడం బద్ధకం కాక మరేమిటి? ఎర్రగడ్డ రైతుబజారులోనో మోండా మార్కెట్‌లోనో దొరికే వాటితో చార్టు రాస్తే ఫీజు తగ్గించవలసి వస్తుందని భయమేమో.

అలా అని మన గింజలన్నీ మొదటి రోజు నుంచే పడతాయని కాదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మొలక కట్టించి, బాగా ఉడికిస్తేనే గ్యాస్ బాధ తగ్గుతుంది. మునగకాడ పిప్పి, బత్తాయి తొనల మీద తెల్లని పొర, చిక్కుడుకాయ ఈనెలు వంటివి మింగితే లోపల ఉండకట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఉమ్మేయడమే మంచిది. పెళ్లిళ్లలో ఎవరూ చూడకుండా ఉమ్మేయడం ఒక విద్య.

చివరగా తెల్లన్నం గురించి ఒక ముఖ్యమైన సంగతి. తార్నాక సంస్థ 1918లో కూనూరులో మొదలైంది బెరిబెరి వ్యాధి పరిశోధన కోసమే. పాలిష్ పట్టిన బియ్యం తినేవారిలో థయామిన్ అనే బి1 విటమిన్ లోపించి వచ్చే జబ్బు అది, ఒకప్పుడు మన కోస్తా జిల్లాల్లో బాగా కనిపించేది. శరీరంలో థయామిన్ నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. ఆపరేషన్ తరువాత వాంతులు పట్టుకుని, ఏమీ ఇమడక, తెల్లన్నపు గంజి మాత్రమే తాగుతూ నెట్టుకొస్తున్నవారికి ఆ నిల్వ తొందరగా అయిపోతుంది. అప్పుడు చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమకపడడం మొదలవుతుంది. అలాంటప్పుడు వీధి చివరి క్లినిక్‌కు వెళ్లి నీరసానికి గ్లూకోజ్ సెలైన్ పెట్టించుకోవడం మనవాళ్లకు అలవాటు. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ స్థితి ఇంకా విషమిస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరిగి వాంతులు ఆగకుండా ఉంటే, వారు తినేది పప్పయినా మాంసమైనా సరే, ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెంటనే తీసుకువెళ్లి, సెలైన్ పెట్టే ముందే థయామిన్ ఇంజెక్షన్ గురించి అడగండి.