థ్రాటిల్ గారూ, కాస్త ప్లే ఇప్పించండి

నా బైకు యాక్సిలరేటర్ అయిన మహారాజశ్రీ థ్రాటిల్ గారి సముఖమునకు,

పటమట నుంచి మీ సేవకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, మా మావయ్య గారి మెడ తప్ప.

నిన్న సాయంత్రం సంగతి మీరు మర్చిపోయి ఉండరు. తెనాలి నుంచి రైలు దిగిన ఆయన్ని స్టేషన్లో ఎక్కించుకున్నాను. చేతిలో జిలేబీ పొట్లం. బెంజి సర్కిల్ దాటేదాకా మీరు చాలా పెద్దమనిషి తరహాలో నడుచుకున్నారు. మా సందులోకి తిరిగి స్పీడ్ బ్రేకర్ ఎక్కామో లేదో, మీకు పూనకం వచ్చింది. బండి ఒక్క దూకు దూకి, అంతలోనే ముక్కు కిందకేసింది. ఆయన హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కి ఠంగుమని తగిలింది. తేరుకునేలోపు ఇంకోసారి. నల్లటి బెల్లం పాకం నా కాలర్ లోపలి నుంచి వీపు మీదకి మెల్లగా దిగుతోంది. ఇంటి ముందు దిగాక ఆయన కోప్పడలేదు. "రేపు నేను ఆటోలో వెళ్తాలెండి అల్లుడు గారూ, మీకెందుకు శ్రమ" అన్నారంతే. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన నాతో ఇంత మర్యాదగా మాట్లాడింది నిన్ననే.

షోరూమ్ కుర్రాడు మిమ్మల్ని చూపించి, "రైడ్ బై వైర్ సార్, అసలు కేబులే ఉండదు" అన్నాడు. అంటే గ్రిప్ తిప్పితే కేబుల్ లాగదు, కరెంటు తీగలో కబురు వెళ్తుందన్నమాట. తెగేది లేదు, పట్టేసేది లేదు, నూనె పెట్టే పని లేదు. అంతా నిజమే. ఆ కేబుల్‌తో పాటు ఇంకేం పోయిందో మాత్రం చెప్పలేదు.

ప్లే పోయింది సార్. పాత బండ్లలో గ్రిప్ అంచు దగ్గర రెండు మిల్లీమీటర్ల నుంచి ఆరు దాకా వదులు ఉండేది. అది లోపం కాదు, అలా ఉంచమని చాలా బండ్ల మాన్యువల్లోనే రాసి ఉంటుంది. ఆ కాస్త వదులు మీదే బెజవాడ ఇన్నేళ్ళు బండి నడిపింది. గుంతలో పడి చెయ్యి అదిరినా, వెనకాల పిల్లాడు భుజం పట్టుకుని ఊగినా, అంతా ఆ వదులులోనే సర్దుకునేది. కార్బురేటర్ దాకా కబురు వెళ్ళేది కాదు. మా 97 సీసీ స్ప్లెండర్ మీద నాన్నగారు ఓ చేత్తో కూరగాయల సంచి పట్టుకుని, ఆవలిస్తూ ఇంటికొచ్చేవారు.

మీకేమో సెన్సార్. నా మణికట్టు వెంట్రుకవాసి కదిలితే ఈసీయూకి, అంటే బండిలోని కంప్యూటర్‌కి, చాడీ వెళ్ళిపోతుంది. అది వెంటనే మోటారుతో గాలి మూత తెరిచేస్తుంది. తెరవమన్నది నేనా, గుంతా అన్న విచారణ లేదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే ఒళ్ళు వెనక్కి వాలుతుంది, ఒంటితో చెయ్యి, చేత్తో గ్రిప్. బండి ముందుకి లంఘిస్తుంది. అది లంఘిస్తే ఒళ్ళు ఇంకా వెనక్కి, గ్రిప్ ఇంకాస్త. హడలిపోయి మూసేశానా, ఇంజిన్‌కి పెట్రోలు టక్కున ఆపేస్తారు. మళ్ళీ తెరిస్తే చెయిన్‌లో ఉన్న వదులంతా లాక్కుని వెనక నుంచి ఒక్క తన్ను. మొత్తం పట్టేది రెప్పపాటు. రెండు హెల్మెట్లు ముద్దాడుకోవడానికి అది చాలు.

(స్పీడ్ బ్రేకర్ పాపం కూడా కొంత ఉందిలెండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మా సందులోది ఎవరో స్లాబు వేయగా మిగిలిన కాంక్రీటుతో కట్టిన గట్టు. దాని గురించి వేరే లేఖ రాస్తాను.)

తమరి వంశం కూడా విచారించాను. 2006లో యమహా వాళ్ళ ఆర్6 మీద వెలిశారట. రేస్‌ట్రాక్ మీద మోకాలు నేలకి ఆనించి తోలే బండి. అంతటివారు ఏలూరు రోడ్డులో, ముందు చెరుకురసం బండి, పక్కన ఎప్పుడు ఎటు తిరుగుతుందో దాని డ్రైవర్‌కే తెలియని ఆటో ఉండగా, మనిషి నడక వేగంతో పోవాల్సి రావడం అవమానమే. అర్థం చేసుకోగలను.

తెలిసినవాళ్ళు సలహాలు చెప్పారు. బొటనవేలు, చూపుడువేలు స్విచ్చుల డబ్బాకి ఆనించాలట, చెయ్యి అదరకుండా. క్లచ్ సగం నొక్కి ఉంచాలట. వెనక బ్రేకు మీద కాలు లైట్‌గా ఆనించాలట. ఫస్ట్‌లో కాదు, సెకండ్ గేర్లో పోవాలట. పాలప్యాకెట్ తేవడానికి కూచిపూడి నేర్చుకోవాలన్నమాట. పోనీ, ఆ ఊరు మాకు దూరమేం కాదు.

చివరికి పనిచేసింది రెయిన్ మోడ్, వానలో జారకుండా మీ దూకుడు తగ్గించే ఏర్పాటు. చినుకు జాడ లేని నడివేసవి మధ్యాహ్నం, బందరు రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, నా మీటర్ మీద మబ్బు బొమ్మ వెలుగుతూ ఉంటుంది. సిగ్నల్ దగ్గర పక్క బండి కుర్రాడు వంగి చూసి, ఆకాశం వైపు చూసి, నా వైపు చూశాడు. రోడ్ మోడ్‌లో మావయ్య గార్లకి ప్రమాదమని వాడికెలా చెప్పను?

మీ బంధువర్గం మీద కూడా ఫిర్యాదులున్నాయి. సీటు ఎత్తుకి సిగ్నల్ దగ్గర మునివేళ్ళ మీద నిలబడుతున్నాను. రేడియేటర్ ఫ్యాను తిరిగితే మోకాళ్ళ కింద వేపుడు. ఆగిన ప్రతిచోటా "మైలేజ్ ఎంతిస్తది బాబాయ్?" అవి భరించగలను.

షోరూమ్ వాళ్ళకి చెబితే "అలవాటైపోద్ది సార్" అన్నారు. ఎవరికి? నాకా, నీకా? ఆటోనగర్ మేస్త్రి చెయిన్ బిగించి, "సగం రోగం ఇదే అన్నా" అన్నాడు. మిగతా సగం నువ్వే. ఇంక మీరు గీరు అనలేను. ఇంత డబ్బు పోసి తెచ్చుకున్న నాకు ఓ స్పీడ్ బ్రేకర్ మర్యాదగా దాటే యోగ్యత లేకుండా చేశావు. ఇంట్లో నా పరువు తీశావు. చొక్కాకి బెల్లం మరక పోలేదు.

పోనీ నీకు చేతకాదనుకుందామంటే, కొండవీడు ఘాట్ రోడ్డు మీద చూశాను కదా. కాళ్ళు పెట్టుకునే పెగ్స్ మీద నిలబడి, మలుపు తిరుగుతూ, కంకర మీద వెనక చక్రం కొంచెం జారబోతే, ఎంత కావాలో అంతే ఇచ్చావు. కొసరు లేదు, కోత లేదు. నేను అనుకునేలోపే బండి లేచి నిలబడింది. హెల్మెట్ లోపల పిచ్చివాడిలా నవ్వుకున్నాను. అంటే మర్యాద తెలుసన్నమాట నీకు. తెలిసే పటమటలో ఏడిపిస్తున్నావు.

సరే, బేరానికొద్దాం. మూసి ఉండటానికీ తెరుచుకోవడానికీ మధ్య నాకు రెండు మిల్లీమీటర్లు వదిలెయ్. మా సందు దాటేదాకా చాలు. హైవే ఎక్కాక మిగతాదంతా నీ ఇష్టం.

ఇట్లు,
నీ కుడి మణికట్టు యజమాని
పటమట, విజయవాడ

తా.క.: మావయ్య గారు ఊరెళ్ళే రోజు మళ్ళీ మాట్లాడదాం. ఆటో వాళ్ళు స్టేషన్‌కి అడుగుతున్న రేటు చూస్తే ఆయన మనసు మారేలా ఉంది.