తిరుమల ఎలక్ట్రిక్ బస్సు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎలక్ట్రిక్ బస్సు గారి సముఖమునకు తిరుపతి వాస్తవ్యుడు చేసుకొను మనవి.

2022లో తమరు అలిపిరి డిపోకు విచ్చేసినప్పుడు, కరెంటుతో నడిచే బండి భూమండలం మీద అప్పుడే అవతరించిందన్నంత సంబరం జరిగింది. ఆ సందడిలో తమ వంశ చరిత్ర ఎవరికీ గుర్తు రాలేదు.

మద్రాసులో 1895లోనే కరెంటు ట్రామ్ నడిచింది. దేశంలో అదే మొదటిది. తొలుత కరెంటును నేల కింది కాలువ గుండా అందించారు గాని, వానల ధాటికి ఆ ఏర్పాటు చెడిపోవడంతో పైన తీగలు కట్టవలసి వచ్చింది. (రోడ్డు కింద పెట్టినదాన్ని వాన బతకనివ్వదని ఇంజనీర్లకు ఆనాడే తెలిసింది, తరువాత మరచిపోయారు.) 1921 నాటికి 24 కిలోమీటర్ల పట్టాల మీద 97 బండ్లు తిరిగేవి. చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కనుక, వ్యాజ్యానికో చదువుకో సెంట్రల్‌లో రైలు దిగిన మన పెద్దలకు ఆ బండ్లు పరాయివి కావు.

అంతలో తమ పూర్వీకులైన పెట్రోలు, డీజిలు బస్సులు రంగప్రవేశం చేశాయి. ట్రామ్ కంపెనీ తన పట్టాలను, తీగలను తానే చూసుకోవాలి. బస్సుకు ప్రజల సొమ్ముతో వేసిన రోడ్డు చాలు. పోటీ ఇంత న్యాయంగా జరిగాక ట్రామ్ ఓడిపోవడంలో వింతేముంది? నష్టాల్లో మునిగిన కంపెనీ 1953 ఏప్రిల్ 12న ట్రాములను ఆపేసింది. ‘మద్రాసు మనదే’ అని గొంతు చించుకున్న మనకు అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది గాని మద్రాసు రాలేదు. వచ్చి ఉన్నా ట్రామ్ ఉండేది కాదు.

పట్టాలు లేవు గనుక బస్సు స్వేచ్ఛాజీవి అన్నారు. ఆ స్వేచ్ఛ ఎంతటిదో లీలామహల్ సర్కిల్‌లో నిలబడి చూస్తే తెలుస్తుంది. ముందున్న ఆటో దయతలిస్తే తప్ప తమరు అంగుళమైనా కదలలేరు.

1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచిన నాటి నుంచి కొండను పొగతో సేవించిన వంశం, ట్రామ్ పుట్టిన 127 ఏళ్ళకు మళ్ళీ కరెంటు గుమ్మం తొక్కింది. తీగకు కట్టుబడటం చాదస్తమని ఈసడించిన ఇంట పుట్టిన తమరు, బండెడు బ్యాటరీలను మోసుకుంటూ ఏడుకొండలు ఎక్కుతున్నారు. దిగేటప్పుడు వేసే బ్రేకుతో కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుందట; ఆ విద్యకు మాత్రం వ్యంగ్యం లేకుండా నమస్కరిస్తున్నాను.

కొండకు రైలో, ట్రామో వేయాలన్న మాట పత్రికల్లో అప్పుడప్పుడూ తలెత్తుతోంది. అదే జరిగితే తమరు నొచ్చుకోవద్దు. ఆ రోజు కూడా కొబ్బరికాయ కొట్టి, ఇటువంటి బండి మునుపెన్నడూ లేదని ప్రకటిస్తారు. తమ జవాబును బస్టాండు చిరునామాకు పంపితే చాలు. తమ కోసం ఎదురుచూస్తూ మేము ఎలాగూ అక్కడే ఉంటాము.

ఇట్లు,
తమ టిక్కెట్టుదారుడు