పసుపు కుంకుమల కింద ఒక సినిమా భాండాగారం

సావో పాలోలో బ్రెజిల్ జాతీయ సినిమా భాండాగారం ఉంది. పేరు సినెమాటెకా బ్రసిలేరా. ఒకప్పటి మునిసిపల్ కబేళాలో పెట్టారు దాన్ని. ఈ ఒక్క ముక్క రాసి వ్యాసం ముగించొచ్చు గానీ నా కడుపుమంట చల్లారదు.

నాకు ఒళ్లు మండేది 'అగ్నిప్రమాదం' అన్న మాటకి. 1957లో కాలింది, ప్రమాదం. 1969, 1982, 2016, అన్నీ ప్రమాదాలే. 2021 జులై 29న దాని గోడౌన్ ఏసీ రిపేరు చేస్తుంటే అంటుకుంది, అదీ ప్రమాదమే. మన వీధిలో ఒకే ఇల్లు ఐదుసార్లు కాలితే జనం అయ్యో అనరు, ఇన్సూరెన్స్ ఎంత అని అడుగుతారు.

అసలు సినిమా 2020 మేలో, రాజధాని బ్రసీలియాలో మొదలైంది. అప్పటికే సాంస్కృతిక మంత్రిత్వ శాఖనే ఎత్తేసిన మహానుభావుడు, అప్పటి అధ్యక్షుడు బొల్సొనారో, సీరియళ్ల తార రెజీనా దువార్తెని సాంస్కృతిక కార్యదర్శిని చేసి, మూడు నెలలైనా కాకముందే సాగనంపుతూ ఆవిడతో కలిసి వీడియో చేశాడు. నన్ను వేయిస్తున్నారా ప్రెసిడెంట్ గారూ అని ఆవిడ నవ్వుతూ అడుగుతుంది. మనం పొగబెట్టడం అంటామే, దాన్ని వాళ్లు వేయించడం అంటారు. ఆయనా నవ్వుతాడు. పాపం ఆవిడకి ఇంటి మీద బెంగగా ఉందట, సావో పాలోలో అయితే పిల్లలకి దగ్గరట, అందుకని సినెమాటెకా ఇస్తున్నాడట. ఆవిడ బహుమతి అని మురిసిపోయింది. ఆడపిల్లని పుట్టింటికి పంపుతూ ఒళ్లో చీర, పసుపు కుంకుమ పెడతాం చూడండి, అలా ఒక దేశపు సినిమా మొత్తాన్నీ పెట్టాడు. ఆ చీరకి కరెంటు బిల్లు బాకీ ఉంది, దాన్ని కాసే సిబ్బందికి జీతాల్లేవు, అది వేరే సంగతి. ఆవిడ ఆ కుర్చీలో కూర్చోనూ లేదు.

ఆగస్టులో ప్రభుత్వం వాళ్లు పోలీసులతో వచ్చి తాళాలు పట్టుకెళ్లారు. సిబ్బందిని ఇంటికి పంపేశారు. పాత నైట్రేట్ రీలు తనంతట తనే అంటుకునే రకం, చంటిపిల్లలా ఎప్పటికప్పుడు తీసి చూసుకోవాలి. అది తెలిసిన వాళ్లనే గెంటేశారు. అగ్గి పుడుతుందని వాళ్లు 2021 ఏప్రిల్‌లో కాగితం మీద రాసి మరీ చెప్పారు. జులైలో పుట్టింది. మర్నాడే, భాండాగారం నడపడానికి సంస్థలు కావాలని ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. ఇల్లు కాలాక బావి తవ్వడం కాదిది, బావికి టెండర్ పిలవడం. (1932 నాటి మన 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లే ఇక్కడ నవ్వండి.)

ఆ కాలిన గోడౌన్‌లో బ్రెజిల్ దర్శకుడు గ్లాబర్ రోషా కాగితాలు కూడా ఉన్నాయి. ఆకలి గురించి సినిమాలు తీసిన మనిషి కాగితాలు! సిగ్గుండాలి.

1964లో ఎద్వార్దో కౌటిన్యో, చంపేసిన ఒక రైతు నాయకుడి మీద సినిమా తీస్తుంటే దేశంలో సైనిక కుట్ర జరిగి సైన్యం వచ్చిపడింది. కెమెరా, సామాన్లు లాక్కున్నారు. కడగడానికి రియో ల్యాబ్‌కి అప్పటికే వెళ్లిన నెగటివ్ బతికింది. దాన్ని 'పొలం గులాబీ' అని దొంగపేరు పెట్టి రియోలోని ఒక మ్యూజియంలో దాచారు. 1981లో ఆయన మళ్లీ వెళ్లి, పేరు మార్చుకుని బతుకుతున్న ఆ నాయకుడి భార్యని వెతికి పట్టుకుని 1984లో డాక్యుమెంటరీగా పూర్తి చేశాడు. తుపాకులున్నవాళ్ల కళ్లుగప్పి అన్నేళ్లు దాచిన దేశంరా బాబూ అది! ఓట్లేయించుకుని గెలిచినవాళ్లకి ఏసీ, కరెంటు బిల్లు, నాలుగు జీతాలు బరువయ్యాయా?

ఆ నవ్వుల వీడియో మాత్రం నెట్‌లో చెక్కుచెదరకుండా ఉంది. నిన్న రాత్రి మళ్లీ చూశాను.