ఇడిటరోడ్ పాఠం: లెక్క చెప్పి కథ దాస్తే ఎలా?

మార్చి మొదటి శనివారం వచ్చేసరికి అమెరికాలో చాలా ఎలిమెంటరీ క్లాసుల గోడల మీదికి అలాస్కా మ్యాపు ఎక్కుతుంది. ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా దాదాపు వెయ్యి మైళ్ల మంచుదారిలో సాగే ఇడిటరోడ్ కుక్కబండ్ల పందెం మొదలయ్యేది ఆ రోజే. ఒక్కో పిల్లాడు ఒక్కో మషర్‌ని ఎంచుకుంటాడు. బండి నడిపేవాళ్లని అక్కడ అలాగే అంటారు. జీపీఎస్‌లో బండి ఎక్కడుందో చూసి, రోజూ పొద్దున్నే మ్యాపు మీద గుండుసూది జరుపుతాడు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. రేపు ఏమవుతుందో టీచర్‌కీ తెలియదు. పుస్తకం చివరి పేజీ తిప్పితే జవాబు దొరకదు.

లెక్కల సంగతే చూడండి. 2017లో మిచ్ సీవీ అనే మషర్ 979 మైళ్ల దారిని 8 రోజుల 3 గంటల 40 నిమిషాల్లో ముగించాడు. అంటే సుమారు 196 గంటలు. భాగిస్తే గంటకు 5 మైళ్లు, మన లెక్కలో 8 కిలోమీటర్లు. సైకిల్ తొక్కే పిల్లాడు కూడా అంతకన్నా జోరుగా పోతాడు. వీడియోలో చూస్తే కుక్కలు దూసుకుపోతుంటాయి, లెక్కలో చూస్తే నింపాదిగా నడుస్తున్నట్టుంటాయి. తేడా ఎక్కడ? విశ్రాంతిలో. ఒకసారి 24 గంటలు, రెండుసార్లు 8 గంటల చొప్పున, మొత్తం 40 గంటలు ఆగి తీరాలని నియమం. అది కాక, పరుగెత్తించినంత సేపూ దాదాపు పడుకోబెట్టడం మషర్ల అలవాటు. సగటు అనేది దేన్ని కప్పేస్తుందో నాలుగో తరగతి పిల్లలకు ఇంతకన్నా తేలిగ్గా ఎలా చెబుతాం?

ఇంకో చిక్కు లెక్క ఉంది. జట్లు రెండేసి నిమిషాల తేడాతో బయల్దేరతాయి. మరి ముందు బయల్దేరినవాళ్లకు అది లాభం కాదా? కాదు. 24 గంటలు ఆగేటప్పుడు ఆ తేడా సరిచేస్తారు. చివర బయల్దేరినవాళ్లు సరిగ్గా 24 గంటలు ఆగితే, వాళ్లకన్నా ఎన్ని నిమిషాలు ముందు బయల్దేరారో అన్ని నిమిషాలు మిగతావాళ్లు అదనంగా ఆగాలి. 40 జట్లుంటే మొదటి జట్టు ఎన్ని నిమిషాలు అదనంగా ఆగాలి? చాలామంది పిల్లలు 40ని 2తో గుణించి 80 అనేస్తారు. జట్ల మధ్య ఖాళీలు 39 అని తట్టేసరికి పీరియడ్ అయిపోతుంది. పోనివ్వండి, ఆ పీరియడ్ దండగ కాదు.

మైనస్ 40 దగ్గర ఫారెన్‌హీట్, సెల్సియస్ ఒకటైపోవడం, మషర్లకు ఉత్తరాలు రాయించడం లాంటివీ చేయిస్తారు. బాగానే ఉంటాయి కానీ, వాటికి ఇడిటరోడే అక్కర్లేదు.

నా పేచీ చరిత్ర పాఠంతో. 1925లో నోమ్‌లో డిఫ్తీరియా ప్రబలినప్పుడు నెనానా నుంచి 674 మైళ్లు కుక్కబండ్ల మీద ఆ జబ్బుకు మందైన సీరమ్ చేర్చారు. 20 మంది మషర్లు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ అయిదున్నర రోజుల్లో తెచ్చారు. చివరి మజిలీలో జట్టుకు ముందు పరుగెత్తిన బాల్టో అనే కుక్కకి అదే ఏడాది న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో విగ్రహం పెట్టారు. అందరికన్నా ఎక్కువ దూరం, అదీ గడ్డకట్టిన నార్టన్ సౌండ్ అనే సముద్రపాయ మీదుగా లాగిన టోగో అనే కుక్కని చాలాకాలం లోకం పట్టించుకోలేదు. ఆ 20 మందిలో ఎక్కువమంది అలాస్కా మూలవాసులన్న సంగతి బాల్టో బొమ్మకు రంగులేయించే వర్క్‌షీట్లో కనిపించదు. పైగా ఆ సీరమ్ పరుగు గుర్తుగానే ఈ పందెం పుట్టిందని చెప్పేస్తుంటారు. 1973లో జో రెడింగ్‌టన్ దీన్ని మొదలుపెట్టింది ముఖ్యంగా స్నోమొబైళ్లు వచ్చి కుక్కబండ్లు మాయమైపోతున్నాయన్న బెంగతో, పాత దారిని కాపాడుకోవాలని.

పందెం నిర్వాహకులే ఏటా ఒక టీచర్‌ని ఎంపిక చేసి దారి పొడవునా పంపుతారు. ఆ టీచర్ అక్కణ్నుంచి పాఠాలు అందిస్తుంటారు. మంచి ఏర్పాటే. కానీ పందెం నడిపేవాళ్ల నుంచే పాఠం వస్తున్నప్పుడు, అందులో లేనిదేమిటో చూసుకోవాల్సింది క్లాసులో ఉన్న టీచరే.

2024లో డాలస్ సీవీ కుక్కల మధ్యకు ఒక మూస్ చొరబడింది. మూస్ అంటే గుర్రమంత దుప్పి. ఒక కుక్క బాగా గాయపడింది. ఆయన ఆ మూస్‌ని కాల్చి చంపాడు. అలా చంపితే మాంసం పాడవకుండా పేగులు తీసి మరీ కదలాలని, తర్వాతి చెక్‌పాయింట్‌లో అధికారులకు చెప్పాలని నియమం. ఆ పని సరిగా చేయలేదని రెండు గంటల జరిమానా వేశారు. అయినా ఆయనే గెలిచాడు, ఆరోసారి. జరిమానా న్యాయమేనా అని అడిగితే అయిదో తరగతి నిట్టనిలువునా రెండుగా చీలిపోతుంది. అసలు కుక్కల్ని ఇంతదూరం పరుగెత్తించడమే తప్పని జంతుహక్కుల సంఘాలు ఏళ్లుగా అంటున్నాయి. పరుగు వాటి రక్తంలోనే ఉందని మషర్లు అంటారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చదివే మన పిల్లలు ఈ ప్రశ్నను ఇంటికి మోసుకొస్తే, సంక్రాంతికి ఒంగోలు గిత్తల బండలాగుడు చూసి మురిసిపోయే తాతయ్య ఏం చెబుతాడో మరి!

మరీ చిన్నపిల్లలతో పందెంలో కుక్కల చావుల గురించి మాట్లాడటానికి టీచర్లు జంకుతారు. ఒకటో తరగతి వరకూ నేనూ ఒప్పుకుంటాను. పెద్ద క్లాసులకైతే చార్టులో ఇంకో గడి గీస్తే చాలు. ఒక్కో చెక్‌పాయింట్‌కి ఏ జట్టు ఎన్ని కుక్కలతో వచ్చింది, ఎన్నింటితో కదిలింది అన్నది పందెం పట్టికలోనే ఉంటుంది. 16తో బయల్దేరిన జట్టు నోమ్ చేరేసరికి 10కో 9కో దిగుతుంది. అయిదుకన్నా తగ్గితే చేరినట్టు లెక్క కాదు. అంకె తగ్గినప్పుడల్లా ఎందుకు తగ్గిందో పిల్లలే వెతకాలి. చాలాసార్లు కాలు బెణికిందనో, బాగా అలసిందనో, తిండి మానేసిందనో తెలుస్తుంది. అలాంటి కుక్కల్ని పశువైద్యులు చూశాక చిన్న విమానాల్లో వెనక్కి పంపేస్తారు. 2024లో మాత్రం మూడు కుక్కలు అలా తిరిగి రాలేదు.