ఒడ్డు ఊడ్చి, ఉత్పత్తిని వదిలేస్తారా?

సముద్రాలతో సహా అంతటా పేరుకుపోతున్న ప్లాస్టిక్ కాలుష్యాన్ని చట్టబద్ధమైన ఒప్పందంతో అరికడతామని 2022 మార్చిలో నైరోబీలో 175 దేశాలు మాటిచ్చాయి. 2024 చివరికల్లా సిద్ధం కావలసిన ఆ ఒప్పందం దక్షిణ కొరియాలోని బుసాన్‌లో కుదరలేదు, 2025 ఆగస్టులో జెనీవాలోనూ కుదరలేదు. ప్లాస్టిక్ ఉత్పత్తికే పరిమితి పెట్టాలా వద్దా అన్న దగ్గర ప్రధానంగా పీటముడి పడింది. ప్లాస్టిక్‌కు ముడిసరకైన ప్రాథమిక పాలిమర్ల ఉత్పత్తిని నియంత్రించే ఏ చర్యనూ సమర్థించలేమని బుసాన్‌లో మన దేశం తేల్చిచెప్పింది. 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లేట్లు, చెంచాలను దేశంలో నిషేధించి, వాటి ముడిసరకుకు మాత్రం బయట హద్దు వద్దనడం ద్వంద్వనీతి.

దాని ఫలితం చూడాలంటే గట్టి వాన కురిసిన మర్నాడు విశాఖ ఆర్కే బీచ్‌కు వెళ్లాలి. నగరంలోని గెడ్డలు (వాగులు) మోసుకొచ్చిన పాల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, షాంపూ ప్యాకెట్లు ఇసుకంతా పరుచుకుని ఉంటాయి. ఒడ్డు నుంచి అలివి వల లాగే జాలరులు చేపల్లోంచి కవర్లు ఏరి పారేయడానికీ కొంత పొద్దు కేటాయించాల్సి వస్తోంది. నీళ్ల సీసాకు పాత సామాను కొట్టులో ధర పలుకుతుంది కనుక చెత్త ఏరుకునేవారు దాన్ని వదలరు. పొరలు పొరలుగా వేర్వేరు పదార్థాలు అతికించి చేసిన షాంపూ ప్యాకెట్‌ను విడదీసి కరిగించడం కష్టం, కొనేవాడూ లేడు. అందుకే అది వీధి కాలువలోంచి గెడ్డలోకి, అక్కడి నుంచి బంగాళాఖాతంలోకి చేరుతోంది. నిషేధ జాబితాలో ఈ ప్యాకెట్ లేనే లేదు. బెలూన్ పుల్లలపై కొరడా ఝళిపించిన ప్రభుత్వానికి దీని జోలికి వెళ్లే ధైర్యం లేకపోయింది.

పరిశ్రమపై ఎందరో ఆధారపడ్డారని, చిన్న ప్యాకెట్ పేదలకు సరుకు అందిస్తోందని, చెత్త నిర్వహణ మెరుగుపరిస్తే చాలునని వాదించేవారున్నారు. ఏటా 40 కోట్ల టన్నులకు పైగా ప్లాస్టిక్ తయారవుతుంటే, 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైక్లింగ్‌కు మళ్లింది సుమారు 9 శాతమే అయినప్పుడు, ఈ వాదన నిలవదు.

రాష్ట్రంలోనూ ఇదే ద్వంద్వనీతి. 2022 ఆగస్టులో విశాఖ తీరాన్ని వేలమందితో శుభ్రం చేయించిన రోజే నాటి ముఖ్యమంత్రి ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. పార్టీ ఏదైనా, నాయకుడి పుట్టినరోజున ఫ్లెక్సీ లేని కూడలి నేటికీ కనిపించదు.

తదుపరి చర్చల్లో ఢిల్లీ తన వైఖరి మార్చుకోవాలి. పొరల ప్యాకెట్లు అమ్మే కంపెనీలు వాటిని ఎంతమేరకు వెనక్కి సేకరించాయో ఊరూరా లెక్క చెప్పించాలి. గెడ్డలు సముద్రంలో కలిసే ప్రతి చోటా చెత్తను ఆపే జాలీలు బిగించి, రోజూ ఎత్తించాలి. సెప్టెంబరు మూడో శనివారం తీర శుభ్రతా దినమంటూ చేతి తొడుగులతో బీచ్‌కు వచ్చే మంత్రులు, అధికారులు బడిపిల్లల చేత చెత్త ఏరించే ముందు, ఉత్పత్తికి పరిమితి ఎందుకు వద్దన్నారో ఆ పిల్లలకే సంజాయిషీ ఇవ్వాలి.